కుర్సురా పక్కన నిలబడి ఘాజీ కథ చెప్పేవారికి

విశాఖ చరిత్రను బోర్డుల మీదికి ఎక్కించే అధికారులకు, బీచ్ రోడ్డులో మైకు పట్టుకుని చెప్పే గైడ్లకు, నిమిషం రీల్‌లో చుట్టేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

మన కుర్సురా 1971 యుద్ధంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచలేదు. ముందుగా ఈ మాటే ఎందుకంటే, ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మెట్లెక్కే పిల్లల చెవిన పడే తప్పుల్లో ఇదే పెద్దది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఐఎన్ఎస్ కుర్సురా 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరి 27న రిటైరై, 2002 ఆగస్టులో ఇసుక మీద మ్యూజియం అయింది. 1971 యుద్ధంలో అది కాపలా కాసింది అరేబియా సముద్రంలో. ఘాజీ మునిగింది బంగాళాఖాతంలో, మన హార్బర్ వాకిట్లో. రెండింటికీ మధ్య దేశమంతా అడ్డం ఉంది. 2017లో వచ్చిన సినిమాలో మన సబ్‌మెరైనే వెళ్లి ఘాజీతో తలపడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, దాన్ని బోర్డు మీదికి తేకండి. మన సబ్‌మెరైన్ ఏదీ ఘాజీని ముంచలేదు, ముంచానని మన నౌకాదళమూ ఎప్పుడూ అనలేదు.

కథలో మసాలా ఉంటే మాకేం అభ్యంతరం లేదు. మన ఊరి పాత రికార్డుల్లో లంచాలు, తిరుగుబాట్లు, నకిలీ టెలిగ్రాములు, కెప్టెన్ పెత్తనాలు బోలెడున్నాయి. వాటి ముందు ఇప్పుడు చలామణీలో ఉన్న కల్పనలు ఉప్పులేని పప్పులా ఉన్నాయి. ఆ అసలు సరుకు ఏమిటో, దాన్ని తప్పు లేకుండా ఎలా చెప్పాలో, చెప్పేటప్పుడు కాలు ఎక్కడ జారుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

చెప్పబోయే ప్రతి వాక్యం మీదా నాలుగు ముద్రల్లో ఒకటి వేసుకోండి: కాగితం ఉన్న మాట, ఒక పక్షం మాట, జనం మాట, కల్పన. ఊరి పేరు సంగతే తీసుకోండి. సముద్రం మింగేసిందంటున్న వైశాఖేశ్వరుడి గుడి వల్ల విశాఖపట్నం అయిందన్నది జనం మాట. కొండ మీద దర్గాలో ఉన్న ఇషాక్ మదనీ పేరుతో ఇసాకపట్నం అయిందన్నదీ జనం మాటే. చోళుల కాలపు శాసనంలో ఈ ఊరికి కులోత్తుంగచోళపట్టణమన్న పేరు కనిపించడం మాత్రం కాగితం ఉన్న మాట. రాతి మీద చెక్కారు కాబట్టి కాగితం కంటే గట్టిది. మూడూ చెప్పండి, మూడింటికీ ఒకే గొంతు వాడకండి. "అంటారు" అన్న ఒక్క క్రియతో సగం పని అయిపోతుంది.

ఇక ఘాజీ. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, మన ఊళ్లో ఎక్కువమంది అడిగేదీ ఎక్కువ తప్పులు దొర్లేదీ ఇక్కడే.

అది అసలు అమెరికా సబ్‌మెరైన్. రెండో ప్రపంచయుద్ధం చివర్లో డయాబ్లో అన్న పేరుతో తయారై, 1964లో లీజు మీద పాకిస్తాన్ చేతికొచ్చి ఘాజీ అయింది. 1965 యుద్ధంలో ఇది మన ఐఎన్ఎస్ బ్రహ్మపుత్రను ముంచేసిందని పాకిస్తాన్ చెప్పుకుంది. బ్రహ్మపుత్ర మాత్రం నిక్షేపంగా నీళ్ల మీదే ఉంది. గొప్పలు చెప్పుకోవడం రెండు ఒడ్డుల్లోనూ ఉన్న అలవాటే, కాబట్టి మన వైపు మాట చెప్పేటప్పుడు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

1971 నవంబరు 14న ఘాజీ కరాచీ నుంచి బయల్దేరింది. దానికి కావలసింది మన విమానవాహక నౌక విక్రాంత్. ఆ విక్రాంత్‌ను తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ అండమాన్ దీవుల చాటుకు పంపేసి, అది ఇంకా ఈ తీరంలోనే తిరుగుతోందని శత్రువును నమ్మించే పని ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌కు అప్పగించారు. రాజ్‌పుత్ అంటే బ్రిటిష్‌వాళ్ల దగ్గర కొన్న ముసలి డిస్ట్రాయర్ యుద్ధనౌక, తుక్కుకు పోయే వయసు దానిది. అది సముద్రంలోకి వెళ్లి, పెద్ద ఓడ పంపేంత వైర్‌లెస్ సందేశాలు గుప్పించింది. ఇటు విశాఖ బజారులో పెద్ద ఓడకు సరిపోయేంత రేషన్, మాంసం, కూరగాయలు ఆర్డరు పెట్టించారు. బజారులో వేగుల చెవులుంటాయనీ, కబురు దానంతటదే చేరుతుందనీ లెక్క. విక్రాంత్ నావికుడొకడు తల్లి ఆరోగ్యం ఎలా ఉందో అడుగుతున్నట్టు ఒక తంతి (టెలిగ్రాం), రహస్య సంకేతమేదీ లేకుండా అందరికీ అందేలా పంపించారు. దొరలు రాసిన యుద్ధచరిత్రల్లో ఇలాంటి ఎత్తు వేసినవాడికి విగ్రహం పెడతారు. మనం ఆ కూరగాయల ఆర్డరును వదిలేసి, జరగని సబ్‌మెరైన్ యుద్ధాన్ని పిల్లలకు చెబుతున్నాం. అయితే ఈ వివరాలన్నీ కృష్ణన్ తరవాత రాసిన జ్ఞాపకాల్లోవి. అందుకని దీని మీద పడే ముద్ర: ఒక పక్షం మాట. చేసినవాడే చెప్పిన మాట కాబట్టి బరువుంది, అంతే.

డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో రాజ్‌పుత్ హార్బర్ దాటి వస్తూ, నీళ్లలో అనుమానంగా అలజడి కనబడి రెండు డెప్త్ చార్జీలు, అంటే లోతుకు దిగి పేలే బాంబులు, వదిలింది. కాసేపటికి సముద్రంలో పెద్ద పేలుడు, దాని చప్పుడు ఒడ్డుకూ చేరింది. తరవాత జాలర్లకు ఓడ సామాన్లు దొరికాయి. డైవర్లు దిగి అది ఘాజీయేనని తేల్చారు. 9వ తేదీన మన ప్రభుత్వం ప్రకటించింది. అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు.

ఆ రాత్రి సంగతుల్లో ఇక్కడిదాకా పెద్ద పేచీ లేదు. ఎలా మునిగిందన్న దగ్గరే పేచీ అంతా. రాజ్‌పుత్ దెబ్బకే అని మన నౌకాదళం. తాను నీళ్లలో పరిచిన మైనే (మందుపాతరే) తనకు తగిలిందని పాకిస్తాన్. లోపలే పేలుడు జరిగిందన్నది మూడో మాట, మన నౌకాదళంలో పనిచేసినవారిలోనూ కొందరు దీన్ని కొట్టిపారేయలేదు. డీజిల్ సబ్‌మెరైన్ బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలి బయటికి పోయే దారి సరిగా లేక అది నాలుగు శాతం దాటితే నిప్పురవ్వ చాలు. అందుకే కుర్సురాలో బ్యాటరీ గది చూపించే గైడుకు ఇది చక్కటి అవకాశం: అక్కడే నిలబడి మూడో వాదన వివరించవచ్చు, బొమ్మ అక్కర్లేదు.

మునిగిన ఓడలోంచి తెచ్చిన గడియారం ఆగిన వేళ, ఒడ్డున చప్పుడు వినబడిన వేళ దగ్గరదగ్గరగా ఉన్నాయన్నది మనవాళ్ల వాదనలో ముఖ్యమైన సాక్ష్యం. చెప్పండి, తప్పులేదు. కానీ మన గడియారానికీ పశ్చిమ పాకిస్తాన్ గడియారానికీ అరగంట తేడా. ఆ గడియారం ఏ దేశపు టైముకు పెట్టి ఉందన్న ప్రశ్న వేయకుండా ముల్లును మాత్రమే చూపిస్తే అది సగం సాక్ష్యమే. ఘాజీకి సంబంధించిన పాత ఫైళ్లు తూర్పు కమాండ్‌లో ఎప్పుడో ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వచ్చింది. సంచలనం కావాలనుకునేవారికి అంతకంటే సంచలనం ఏం కావాలి? మునిగిన ఓడ అక్కడే ఉంది, కాగితాలు లేవు.

తేదీ దగ్గర ఇంకో చిక్కు. కొందరు 3 అని, కొందరు 4 అని రాస్తారు. అర్ధరాత్రి చుట్టూ జరిగింది కాబట్టి రెండూ కనబడతాయి. బోర్డు మీద "డిసెంబరు 3-4 అర్ధరాత్రి" అని వేస్తే ఎవరూ తప్పుపట్టలేరు.

మన సముద్రంలో మునిగిన పరాయి సబ్‌మెరైన్ ఘాజీ ఒక్కటే కాదు. 1944 ఫిబ్రవరి 11న జపాన్ సబ్‌మెరైన్ ఆర్‌ఓ-110 విశాఖకు దగ్గర్లో ఒక ఓడల గుంపు మీద పడి, ఆస్ఫాలియన్ అనే సరకు ఓడను టార్పెడోతో కొట్టింది. కాపలాగా ఉన్న భారత యుద్ధనౌక జమ్నా, రెండు ఆస్ట్రేలియా నౌకలు ఇప్స్‌విచ్, లాన్సెస్టన్ కలిసి దాన్ని వేటాడి ముంచాయి. ఘాజీ పేరు విశాఖలో చిన్నపిల్లాడికీ తెలుసు, దీని పేరు పెద్దవాళ్లకూ తెలీదు. తగువు లేని కథ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదేమో. అంతకు రెండేళ్ల ముందు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు ఇక్కడా కాకినాడలోనూ బాంబులు వేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, మెడికల్ కాలేజీ గుంటూరుకు తరలిపోయాయి. ఇదే భయంతో మద్రాసులో జూలోని పులుల్నీ సింహాల్నీ కాల్చి చంపారు, బోన్లు విరిగితే ఊరి మీద పడతాయని. బాంబుల కథ చెప్పేవారు ఈ పులుల ఊసు తప్పకుండా కలపండి, ఆ రోజుల గాభరా ఏపాటిదో అంకెల కంటే బాగా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు కుంభకోణానికి వద్దాం. పాత కోటవీధి వైపు నడిపించే గైడ్లెవరూ దీని జోలికి పోవడం లేదు.

1778లో థామస్ రంబోల్డ్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ఉత్తర సర్కారుల్లోని (నాటి కోస్తా జిల్లాల) జమీందారుల శిస్తు ఎంతో, వాళ్ల స్తోమత ఎంతో ఊరూరా తిరిగి లెక్కతేల్చడానికి ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఒక సర్క్యూట్ కమిటీని వేసి ఉన్నారు. రంబోల్డ్ వచ్చీరాగానే దాన్ని ఎత్తేసి, జమీందారులనే మద్రాసుకు రమ్మన్నాడు. అప్పుడు విజయనగరం గద్దె మీద ఉన్నది చిన విజయరామరాజు, అధికారమంతా అన్న సీతారామరాజు చేతిలో. అన్నను దివానుగా ఉంచడం తమ్ముడికి ఇష్టం లేదు, గవర్నరు మాత్రం ఉంచి తీరాలన్నాడు. ఎందుకంత పట్టుదల? గవర్నరు ప్రైవేటు సెక్రటరీ రెడ్‌హెడ్‌కు సీతారామరాజు లక్ష రూపాయలు ఇస్తానని రాసిచ్చిన సంగతి తరవాత బయటపడింది. నోటిమాట కాదు, రాతపూర్వకంగా! లంచానికి ప్రామిసరీ నోటు రాసుకున్న కాలమది.

రంబోల్డ్ ఇక్కడ ఉన్న రెండేళ్ల చిల్లరలో ఇంగ్లండుకు పంపుకున్న సొమ్ము 1,64,000 పౌన్లని, జీతం రాబడీ అంతా కలిపినా ఏడాదికి 20,000 దాటదని అతన్ని తప్పుపట్టినవారి లెక్క. డైరెక్టర్లు 1781లో అతన్ని తొలగించారు. బ్రిటిష్ పార్లమెంటులో అతని మీద శిక్ష బిల్లు పెట్టారు. అది 1783లో నీరుగారిపోయింది. కథ అక్కడితో ఆపకండి. 1868లో రంబోల్డ్ కూతురు తండ్రిని సమర్థిస్తూ పుస్తకం అచ్చువేసి, చరిత్రకారులు గుడ్డిగా ఒకరిని చూసి ఒకరు రాశారని కాగితాలతో సహా వాదించింది. అంటే 1,64,000 మీద ఏ ముద్ర వేయాలి? ఒక పక్షం మాట. ఈ జాగ్రత్త తీసుకుంటే కథ పలచబడదు, తండ్రి పరువు కోసం తొంభై ఏళ్ల తరవాత కూతురు కోర్టుకెక్కినట్టు ఉంటుంది.

డబ్బు లెక్కల దగ్గర రెండు హెచ్చరికలు. ఆ లక్షను "నేటి విలువలో ఇన్ని కోట్లు" అని మార్చకండి. బియ్యం ధరతో మారిస్తే ఒకటొస్తుంది, బంగారంతో మారిస్తే ఇంకోటొస్తుంది, దేనికి ఎక్కువొస్తే అది వాడేస్తారు. పక్కన అదే కాలపు జీతం పెట్టండి, చాలు. రెండోది, ఇంగ్లీషు లెక్కల్లో "పగోడా" అని కనబడితే అది గుడి కాదు, మన వరహా. కంపెనీ 19వ శతాబ్దం ఆరంభంలో కట్టిన లెక్క ప్రకారం వరహాకు మూడున్నర రూపాయలు. అలాగే "ఫ్యాక్టరీ" అంటే పొగగొట్టం ఉన్న కార్ఖానా అనుకుని బొమ్మ గీయించకండి. 1682లో కంపెనీ ఇక్కడ పెట్టిన ఫ్యాక్టరీ అంటే బట్టల మూటలు పేర్చే గిడ్డంగీ, గుమాస్తాలు కూర్చునే కచేరీ.

ఇదే కుటుంబం దగ్గర ఇంకో గొడవ, పేర్లది. విజయరామరాజులు ఇద్దరు. పెద విజయరామరాజు 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడ్డాక, కొద్ది రోజుల్లోనే గుడారంలో తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. చిన విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభంలో కంపెనీ సైన్యం చేతిలో చనిపోయాడు. బకాయిల పేరుతో జమీ లాక్కుని, భత్యం ఇస్తాం మచిలీపట్నం పొమ్మంటే ఆయన పోలేదు. ఇద్దరి మధ్య 37 ఏళ్లు. పద్మనాభం కొండ కింద బొబ్బిలి కథ చెప్పేవాళ్లు ఉన్నారు, అక్కడే ఒకసారి ఈ లెక్క చూసుకోండి. ఇంగ్లీషు కాగితాల్లో ఇద్దరూ "విజియరాం రాజ్"గానే ఉంటారు, అక్కడే పొరపాటు మొదలవుతుంది. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లీపటం అంటే భీమిలి, సిత్తరాం రాజ్ అంటే మన సీతారామరాజే. అల్లూరి సీతారామరాజు కాదు, ఆయన పుట్టడానికి ఇంకా నూరేళ్ల పైనే ఉంది. నవ్వకండి, ఇంటర్నెట్‌లో వెతికి రాసేవాళ్లకు ఇది నిజమైన ప్రమాదం.

బొబ్బిలి కథకు విశాఖలో ఒక తోక ఉంది, అది ఎవరూ చెప్పరు. బొబ్బిలిలో అంత రక్తం పారించిన ఫ్రెంచి సేనాని బుస్సీయే అయిదు నెలల తరవాత, 1757 జూన్‌లో, విశాఖలో ఇంగ్లీషువాళ్ల కోటను పట్టుకున్నాడు. ఇక్కడ లొంగిపోయినవాళ్ల పట్ల మర్యాదగా నడుచుకున్నాడని ఇంగ్లీషువాళ్లే రాసుకున్నారు. మరుసటి ఏడాది పెద విజయరామరాజు తరవాత గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి, విశాఖను వాళ్ల చేతిలోంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకు తనంతట తానే అప్పగించాడు. సాయం కోసం మద్రాసును అడిగితే పట్టించుకోలేదు, కలకత్తా నుంచి క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ వచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. పిలిచి పీట వేసిన ఆ కుటుంబాన్నే 36 ఏళ్లకు పద్మనాభంలో కంపెనీ ఏం చేసిందో పైన చూశాం.

1780 అక్టోబరు 3 సంగతి క్లుప్తంగా. మైసూరు పాలకుడు హైదరాలీ తమిళ దేశంలోని కర్ణాటకం మీద పడి, సెప్టెంబరు 10న పొల్లిలూరులో కంపెనీ సైన్యాన్ని చిత్తుచేశాడు. మద్రాసుకు మనుషులు కావాలి. విశాఖలోని సిపాయిలను ఓడెక్కి రమ్మన్నారు. వాళ్లు ఎక్కేది లేదన్నారు, ఎదురు తిరిగి కొందరు దొరలను చంపి, ఊరు వదిలిపోయారు. 1857కు 77 ఏళ్ల ముందు. ఇక్కడ రీళ్లు చేసేవారికి ఒక మనవి: దీనికి "తొలి స్వాతంత్ర్య సంగ్రామం" అన్న తగరపు కిరీటం పెట్టకండి. ఓడెక్కి దూరదేశపు యుద్ధానికి పోవడం, పెళ్లాం పిల్లలను ఇక్కడ వదిలేయడం వాళ్ల బాధ. ఆ బాధ ఆ మాటల్లోనే చెబితే ఎంతో బాగుంటుంది.

తేదీల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే నయం. ఇంగ్లీషువాళ్లు 1752 దాకా పాత క్యాలెండరు వాడారు. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు అప్పటికే కొత్తది వాడుతున్నారు. ఒకే సంఘటనకు రెండు తేదీలు, 1700కు ముందు పది రోజుల తేడాతో, ఆ తరవాత పదకొండు రోజుల తేడాతో కనబడతాయి. దానికి తోడు ఇంగ్లీషువాళ్లకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంచేత కంపెనీ పుస్తకంలో 1710 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కకు అది 1711. భీమిలి డచ్చి సమాధుల తేదీలనూ, విశాఖ ఇంగ్లీషు కాగితాల తేదీలనూ ఒకే పట్టికలో పెట్టేవారు ముందు ఇది సరిచేసుకోవాలి. శాసనాల్లో శాలివాహన శకానికి 78 కలపండి, జనవరి నుంచి ఉగాది లోపు అయితే 79. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరానికి 590, జనవరి నుంచి జూన్ లోపు అయితే 591.

క్రికెట్ ఇష్టపడేవారికి విజ్జీ ఉన్నాడు. మహారాజ్ కుమార్ ఆఫ్ విజయనగరం, 1960ల్లో మన విశాఖ ఎంపీ. ఆయన మహారాజు కాదు, మహారాజుగారి రెండో కొడుకు. "విజయనగరం మహారాజా" అని రాస్తే ఆ బిరుదే తప్పు. 1936 ఇంగ్లండు టూరుకు కెప్టెన్‌గా వెళ్లి, జట్టులో అందరికంటే బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో ఓడెక్కించి ఇంటికి పంపేశాడు. కెప్టెన్‌గారు మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు, సగటు 8.25. ఆ ఏడాదే సర్ బిరుదు వచ్చింది. విజయ్ మర్చంట్‌ను రనౌట్ చేయించమని ముస్తాక్ అలీకి బంగారు గడియారం ఆశ చూపాడన్న కథ క్రికెటర్ల నోళ్లలో నానింది. దాని మీద "జనం మాట" ముద్ర వేయండి. కాగితం ఉన్న మాట ఏమిటంటే, ఆ ఇద్దరూ కలిసి మాంచెస్టర్‌లో ఓపెనింగ్‌కు 203 పరుగులు చేశారు. బొంబాయి చీఫ్ జస్టిస్ బ్యూమంట్ కమిటీ 1937లో అమర్‌నాథ్‌ను నిర్దోషి అని తేల్చి, విజ్జీకి ఫీల్డింగ్ పెట్టడం, బౌలర్లను మార్చడం రావని రాసింది. ఇది అధికారిక నివేదిక, కాబట్టి ధైర్యంగా చెప్పొచ్చు.

ఏవీఎన్ కాలేజీ పేరులోని అంకితం వెంకట నరసింగరావు ఖగోళ శాస్త్రజ్ఞుడని ఆ గేటు ముందు బస్సెక్కేవాళ్లలో ఎందరికి తెలుసు? మామగారు గోడె వెంకట జగ్గారావు డాబా గార్డెన్స్‌లో సొంత డబ్బుతో కట్టిన అబ్జర్వేటరీలో, 1874 డిసెంబరు 9న సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని ఈయన పరిశీలించాడు. కుంభకోణమేమీ లేదు, అయినా చెప్పాలనిపించింది.

ఇక బోర్డు చేయించే పని. పర్యాటకుడు నిలబడి చదివేది అరవై, డెబ్భై మాటలు. అంతకు మించితే ఫొటో తీసుకుంటాడు, చదవడు. మీటరున్నర దూరం నుంచి చదవాలంటే తెలుగు అక్షరం పది మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గకూడదు. వరసకూ వరసకూ ఎడం ఇంగ్లీషుకు ఇచ్చినంత ఇస్తే మన ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి, కాబట్టి అక్షరం ఎత్తుకు రెట్టింపు ఇవ్వాలి. ఇనుప రేకు మీద ఎనామెల్ వేయిస్తే ఉప్పుగాలికి ముందు బోల్టు రంధ్రాల దగ్గర పొక్కు లేస్తుంది, తరవాత రేకంతా. ఫ్లెక్స్ ఎండకు వెలిసిపోతుంది. స్టీల్ అయితే 304 రకం సముద్రం పక్కన టీ మరకల్లాంటి మచ్చలు కడుతుంది, 316 తీసుకోండి, అక్షరాలు చెక్కించండి. బోల్టులు కూడా అదే రకం కావాలి. స్టీల్ పలకకు మామూలు ఇనుప బోల్టు బిగిస్తే ముందు బోల్టునే తుప్పు తినేస్తుంది. బోర్డును నిటారుగా పెడితే సాయంత్రం ఎండ కళ్లలో కొడుతుంది, కాస్త వాలుగా పెట్టించండి.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు దొర్లేది అచ్చులో. పాత డీటీపీ ఫాంటులో టైపు చేసినదాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఊడిపోతాయి. తెలుగు సరిగా కూర్చలేని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్టు చేస్తే "క్షేత్రం" కాస్తా "క్‌షేత్‌రం" అవుతుంది. "రాజ్‌పుత్" మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, అది జారిపోతే "రాజ్పుత్" అని ముద్ద కడుతుంది. వెండరు పంపే పీడీఎఫ్‌ను తెరమీద చూసి సరే అనకండి. అసలు సైజులో కాగితం మీద తీయించి, తెలుగు టీచరు ఒకరి చేతా, నౌకాదళంలో పనిచేసిన పెద్దమనిషి ఒకరి చేతా గట్టిగా చదివించండి. ఒకరు ఒత్తులు పట్టుకుంటారు, ఒకరు ఓడలు పట్టుకుంటారు. మిగతాది క్యూఆర్ కోడ్‌లో చదువుకోమని వదిలేయకండి. లింకు చచ్చిపోయాక ఆ నల్లచదరం మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

ముందు ఒక్క బోర్డు పెట్టండి, కుర్సురా మెట్ల దగ్గర. దాని మీద రాయాల్సింది మేమే రాసిస్తున్నాం, మార్పులుంటే చేసుకోండి:

"1971 డిసెంబరు 3-4 అర్ధరాత్రి, విశాఖ హార్బర్ బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ పేలి మునిగింది. అది విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మించేలా సందేశాలు పంపించామని తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ తరవాత రాశారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్ల మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. తన మైను వల్లనే అని పాకిస్తాన్ చెబుతుంది. లోపలి పేలుడు వల్ల అని మరికొందరంటారు. అందులో ఉన్నవారంతా చనిపోయారు. మీ ముందున్న కుర్సురా ఆ యుద్ధంలో అరేబియా సముద్రంలో కాపలా కాసింది."

ఇట్లు,
విశాఖ పాత కాగితాలు చదివే కొందరం